గోల్ వెనక వినిపించిన ఈల

వజీహ్ లాంటి డిఫెండర్ని నేను మళ్ళీ చూడలేదు. స్నేహం కొద్దీ అంటున్న మాట కాదిది. పదకొండేళ్ళు అతని వెనక గోల్ కాశాను. అతని వీపు నాకు తెలిసినంతగా వాళ్ళావిడకి కూడా తెలిసుండదు. మా రేవు ఊరు మీనాలో ఇప్పుడు ఎవర్నైనా వజీహ్ గురించి అడగండి, "ఆ ఈలగాడా?" అని నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండిన ప్రతిసారీ నోరు మూసుకుని కూచున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇప్పుడు చెబుతాను. విన్నాక నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి.

మాది షిరా క్లబ్. షిరా అంటే తెరచాప. రేవు పక్క సందులో రెండు గదులు, ఒక కాఫీ పొయ్యి, గోడల నిండా చచ్చిపోయినవాళ్ళ ఫోటోలు. రెండో డివిజన్లో ఆడేవాళ్ళం. ఎప్పటికైనా మొదటి డివిజన్‌కి వెళ్ళాలని మా తాతల కాలం నుంచీ ఆశ. వజీహ్ పద్నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్నతో వచ్చి ఆ గదిలోనే సంతకం పెట్టాడు. మా దేశంలో ఆ రోజుల్లో ఆ సంతకం పెళ్ళికంటే గట్టిది. పెళ్ళికైతే విడాకులున్నాయి. క్లబ్ అధ్యక్షుడు విడుదల కాగితం ఇస్తే తప్ప బతికున్నంతకాలం ఇంకో జట్టుకి ఆడటానికి లేదు. నాన్న పక్కన నిలబడి మురిసిపోతుంటే ఏ పిల్లవాడు ఆలోచిస్తాడు? నేనూ పెట్టాను.

వజీహ్ కింద పడి కాళ్ళడ్డం పెట్టే రకం కాదు. "లాగూకి మట్టంటిందంటే అప్పటికే నేను తప్పు చేశానని లెక్క" అనేవాడు. ఎదుటివాడు బంతితో దూసుకొస్తుంటే రెండడుగులు వెనక్కి వేసి, ఒక పక్క మూసేసి, ఇంకో పక్క కావాలని దారిచ్చి నిలబడేవాడు. పాపం వాడు ఆ ఖాళీలోకి ఉత్సాహంగా వెళ్ళేవాడు. వెళ్ళాక చూస్తే బంతి వజీహ్ కాలి దగ్గరుండేది. ఒక్క నిమిషం కూడా నోరు మూసుకునేవాడు కాదు. వాళ్ళ ఫార్వర్డ్ పక్కనే నిలబడి, "మీ ఇంట్లో ఇవాళ ఏం వండార్రా? త్వరగా ఓడిపో, చల్లారిపోతుంది" అని గుసగుసలాడేవాడు. నన్నూ వదిలేవాడు కాదు. "రాతిబ్, పని లేదని నిద్రపోకు. కాఫీ పంపించనా?" అని వెనక్కి తిరక్కుండానే అరిచేవాడు.

జాతీయ జట్టు శిబిరానికి రెండుసార్లు పిలిచారు. బీరూత్ నుంచి ఒక పెద్ద క్లబ్ వాళ్ళు వచ్చి మా అధ్యక్షుడు హాజ్ మిస్బాహ్ గారి ముందు కూచుని గంటన్నర బతిమాలారు. హాజ్ గారు వాళ్ళకి మిఠాయి పెట్టి పంపించారు. "మొదటి డివిజన్‌కి మనల్ని తీసుకెళ్ళాక చూద్దాం నాయనా" అన్నారు వజీహ్‌తో. సరేనన్నాడు వీడు. అలిగేవాడు కాదు.

మొదటి డివిజన్‌కి తీసుకెళ్ళే ఆ మ్యాచ్ రానే వచ్చింది, పదిహేడేళ్ళ కిందట, ఒక మే నెలలో. మాకు గెలుపు కూడా అక్కర్లేదు, సమానంగా ఆడితే చాలు. ఆ రోజుల్లో స్టేడియాల్లోకి జనాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. ఒక్కో జట్టు వెనక ఒక్కో వర్గం, ఒక్కో నాయకుడు. ఆటలో మొదలైన తిట్లు వీధిలో తుపాకులదాకా వెళ్తాయని ప్రభుత్వం గేట్లు మూసేసింది. బయట సైనికుల లారీలు, లోపల మేము. వేలమంది కూచోవలసిన మెట్ల మీద పిల్లులు పడుకునేవి. రెండో డివిజన్ కాబట్టి టీవీ కెమెరా కూడా లేదు.

ఖాళీ స్టేడియంలో ఆడినవాడికే తెలుస్తుంది ఆ నిశ్శబ్దం ఎంత చెడ్డదో. కోచ్ దగ్గితే వినిపిస్తుంది. ఎదురు మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ కోడల్ని తిట్టే తిట్లు వరసగా వినిపిస్తాయి. రెండో సగంలో నా గోల్ వీధి వైపుకొచ్చింది. నా వెనక వలకి ఆరడుగుల దూరంలో గోడ, గోడ అవతల నాలుగు రోడ్ల కూడలి.

ఎనభై మూడో నిమిషం. ఇంకా గోల్ పడలేదు. మా వాళ్ళంతా కార్నర్ కోసం ముందుకెళ్ళారు. అవతలివాళ్ళు బంతిని పొడుగ్గా తన్నారు. వెనక వజీహ్ ఒక్కడే, వాళ్ళ ఫార్వర్డ్ ఒక్కడు, నేను. వజీహ్ భుజం అడ్డం పెట్టి బంతి తీసుకున్నాడు, ఎంత తేలిగ్గానో చెప్పలేను. అప్పుడు ఈల వినిపించింది. ఒక్కటే, పొడుగ్గా, ఘాటుగా.

వజీహ్ బంతి వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, "నేనా? నేనేం చేశాను?" అన్నాడు రిఫరీ వైపు చూస్తూ. రిఫరీ ఇంకా మైదానం మధ్యలో పరిగెత్తుకొస్తున్నాడు. రిఫరీ ఊదలేదని తెలిసిందో ఏమో, ఆ ఫార్వర్డ్ ఆగలేదు. వజీహ్ కాళ్ళ దగ్గర్నుంచి బంతి తీసుకుని నా పక్కనుంచి లోపలికి నెట్టాడు. నేను కదల్లేదు. ఎందుకంటే నేనూ చేతులు దించేశాను. ఫ్రీ కిక్ అనుకుని బంతి అందుకోవడానికి మెల్లగా ముందుకు నడుస్తున్నాను. రిఫరీ గోల్ ఇచ్చాడు. ఆయన ఊదనే లేదు. ఊదింది గోడ అవతల కూడలిలో ట్రాఫిక్ పోలీసు. ఆ ఒక్క గోల్‌తో ఓడిపోయి బస్సెక్కేటప్పుడు చూశాను, చేపల లారీని తిడుతూ ఇంకా ఊదుతూనే ఉన్నాడు. జనంతో నిండిన స్టేడియమైతే ఆ ఈల ఎవడికి వినిపించేది?

బట్టలు మార్చుకునే గదిలో హాజ్ మిస్బాహ్ గారు కూచోలేదు, నిలబడే అడిగారు. "ఎందుకాగిపోయావు?"

"ఈల విన్నాను హాజ్. ఎవరో ఊదారు. బయటేమో."

"బయటా? బయట ఈల వేస్తే నువ్వు ఆట ఆపేస్తావా? తొమ్మిదిమంది ముందున్నారు, ఒక్కడికీ వినిపించలేదే?"

"వాళ్ళు అటు చివర ఉన్నారు. రాతిబ్‌ని అడగండి. వాడు గోడ పక్కనే ఉన్నాడు."

అందరూ నా వైపు తిరిగారు. వజీహ్ ముఖంలో ఇంకా ధైర్యం ఉంది. నేను ఉన్నాను కదా అని. నేను చేతులు దించడం అతను చూడలేదు, వీపు నా వైపుంది. ఆ వారమే హాజ్ గారు నాకు రేవులో ఉద్యోగం ఖాయం చేశారు. నా భార్య కడుపుతో ఉంది. ఒకడు విన్నానంటే పొరపాటు అంటారు, ఇద్దరూ విన్నామంటే ఇద్దరూ కలిసి అమ్ముకున్నారంటారు. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందంటారు? గ్లవ్ ఒకటి విప్పేంతసేపు.

"నేను వినలేదు" అన్నాను. "ఎండ కళ్ళలో కొట్టింది. అందుకే కదల్లేకపోయాను."

వజీహ్ నా మాట నమ్మాడు. అదీ నన్ను ఇప్పటికీ తినేసేది. నేను అబద్ధం చెబుతానని అతనికి తట్టనే లేదు.

వారం తిరక్కుండా మ్యాచ్ అమ్ముకున్నాడన్న మాట ఊరంతా పాకింది. అంతకు రెండు నెలల ముందు పాత కారొకటి కొనుక్కున్నాడు, అది లంచం కారైపోయింది. హాజ్ గారు అతన్ని ఆడించలేదు, విడుదల కాగితమూ ఇవ్వలేదు. సైదా ఊరి క్లబ్ వాళ్ళు అడిగారు, బీరూత్ వాళ్ళు మళ్ళీ అడిగారు. ఆ కాగితం సొరుగులోంచి బయటికి రాలేదు. ఇరవై ఏడు నుంచి ముప్ఫై ఒకటిదాకా, డిఫెండర్‌కి బంగారంలాంటి నాలుగేళ్ళు, వజీహ్ ఒక్కడే పొద్దున్నే సముద్రం ఒడ్డున పరిగెత్తి ఇంటికెళ్ళేవాడు. ఆ తరవాత పరిగెత్తడం కూడా మానేశాడు. హాజ్ గారు పోయాక క్లబ్ వాళ్ళు కాగితం ఇచ్చారు, దాన్నేం చేసుకుంటాడు? పడవలకి రంగులేసే పనిలో చేరాడు. నేను మరో ఆరేళ్ళు ఆడాను, జీతం తీసుకున్నాను, కమిటీలోకీ ఎక్కాను.

రేవు కాఫీ కొట్టు ముందు నుంచి అతను వెళ్తుంటే ఎవడో ఒకడు నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేసేవాడు. కొట్టు యజమాని అబూ జమీలే ఎక్కువ వేసేవాడు. "ఆగరా వజీహ్, రిఫరీ ఊదాడు!" అనేవాడు. వజీహ్ తలదించుకుని నడిచిపోయేవాడు. నేను ఆ కొట్లో కూచుని ఉండేవాణ్ణి, కొన్నిసార్లు.

అలాగని అతన్ని వదిలేశానా అంటే, లేదు. ఊళ్ళో అతని గడప తొక్కేవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే భోజనం. వాళ్ళావిడ నుహాద్ నువ్వుల గుజ్జు పోసి కారంగా చేప వండేది. "అబూ ఖుదర్ ఒక్కడే మనిషి ఈ ఊళ్ళో" అని నా పళ్ళెంలో పెద్ద ముక్క వేసేది. మా వైపు మనిషిని పెద్దకొడుకు పేరుతో పిలుస్తారు, అబూ అంటే తండ్రి, ఉమ్ అంటే తల్లి. ఖుదర్ నా పెద్దకొడుకు, ఆ రోజు కడుపులో ఉన్నవాడే. ఆ ముక్క నేను తినేవాణ్ణి.

మొదటి సంవత్సరం వజీహ్ "విన్నాను" అనేవాడు. తరవాత "విన్నట్టే ఉంది" అన్నాడు. మూడో ఏడు ఒక ఆదివారం, నుహాద్ వంటింట్లో ఉండగా, నా పక్కకి జరిగి గొంతు తగ్గించి అన్నాడు. "రాతిబ్, నా చెవిలో ఏదో తేడా ఉందిరా. ఒక్కోసారి మంచం మీద పడుకుంటే కూడా ఆ ఈల వినిపిస్తోంది. బీరూత్‌లో మంచి చెవి డాక్టరున్నాడట. నాతో వస్తావా?"

వెళ్ళాను. నా కార్లోనే తీసుకెళ్ళాను. డాక్టరు అతని చెవులకి యంత్రం పెట్టి గంటసేపు పరీక్ష చేస్తుంటే బయట బెంచీ మీద కూచున్నాను. వచ్చి, "చెవులు బాగానే ఉన్నాయట. తలలోనేమో అంటున్నాడు" అని నవ్వబోయాడు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. "ఆకలేస్తోంది, ఏమన్నా తిందాం పద" అన్నాను. దొంగ వెధవని.

ఈ ఏడు క్లబ్‌లో పద్నాలుగేళ్ళలోపు పిల్లల జట్టుకి కోచ్ కావలసి వచ్చింది. వజీహ్ అప్పటికే రెండేళ్ళుగా పని అయ్యాక రేవు వెనక ఖాళీ స్థలంలో పిల్లలకి ఊరికే నేర్పిస్తున్నాడు. వాళ్ళకి నిలబడటం వచ్చింది, ఓపిక పట్టడం వచ్చింది. అర్జీ పెట్టుకున్నాడు. ఆ వయసు మనిషి ఒక ఉద్యోగం కోసం అంత ఆశపడటం నేనెప్పుడూ చూడలేదు. చొక్కా కూడా కొత్తది కుట్టించుకున్నాడు. "ఇదొక్కటి వస్తే చాలురా, ఇంకేమీ అడగను" అన్నాడు. ఇప్పటి అధ్యక్షుడు రఫీఖ్, హాజ్ మిస్బాహ్ గారి అల్లుడు. పళ్ళ డాక్టరు, మర్యాదస్తుడు. కానీ పిల్లల తండ్రులు కొందరు అడ్డం తిరిగారు. దాంతో గురువారం సాయంత్రం నమాజు అయ్యాక కమిటీ కూచుంది. అయిదుగురం. అబూ జమీల్ కూడా మాలో ఒకడు.

"మ్యాచ్ అమ్ముకున్నవాడి చేతికి మన పిల్లల్నిస్తామా?" అన్నాడు అబూ జమీల్, వజీహ్ ఎదురుగా కూచుని ఉండగానే. "రేపు వీళ్ళకి ఏం నేర్పిస్తాడు? ఈల విని నిద్రపోవడమా?"

"కాస్త ఆగు అబూ జమీల్" అన్నాడు రఫీఖ్. వజీహ్ వైపు తిరిగి, అతని పెద్దకొడుకు పేరుతో పిలిచాడు. "అబూ నిజార్, నేను ఒకటే అడుగుతాను. తండ్రులకి నేను జవాబు చెప్పుకోవాలి. ఆ రోజు నిజంగా ఈల విన్నావా?"

వజీహ్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గోళ్ళలో నీలం రంగు ఇంకా పోలేదు. నేను అతని నోరే చూస్తున్నాను.

"లేదు ఉస్తాజ్ గారూ" అన్నాడు. "వినలేదు. భ్రమపడ్డాను. తప్పు నాదే. ఊరికి క్షమాపణ చెప్పుకుంటాను. కానీ డబ్బు మాత్రం ముట్టలేదు, నా పిల్లల మీద ఒట్టు. ఇంక నా తల బాగానే ఉంది, ఆ ఈల ఇప్పుడు వినిపించడం లేదు."

పదిహేడేళ్ళుగా ఆ మనిషి దగ్గర మిగిలింది ఆ ఒక్క నిజమే. ఆ ఉద్యోగం కోసం దాన్ని కూడా తన చేత్తో తీసి బల్ల మీద పెట్టేశాడు. అబూ జమీల్ అప్పుడే నోట్లోకి వేళ్ళు తీసుకెళ్ళబోయాడు, అలవాటు కొద్దీ.

"విన్నాడు" అన్నాను నేను.

అనుకోకుండానే లేచి నిలబడ్డాను. "విన్నాడు. నేను కూడా విన్నాను. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఊదాడు. నేను కూడా చేతులు దించేశాను. ఎండ కళ్ళలో కొట్టిందన్నది అబద్ధం. ఎండ నా వీపు వైపుంది, ఆ గోల్ ఎటు ఉందో మీకందరికీ తెలుసు, వెళ్ళి చూసుకోండి."

ముందు అబూ జమీలే నోరు తెరిచాడు. "పదిహేడేళ్ళకి చెవులొచ్చాయా నీకు?"

"చెవులప్పుడూ ఉన్నాయి. నోరే లేదు."

"స్నేహితుణ్ణి కాపాడుకోవడానికి అంటున్నావు."

"కాపాడేవాణ్ణయితే అప్పుడే కాపాడేవాణ్ణి కదయ్యా! ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇద్దరం అమ్ముకున్నామంటారని భయపడ్డాను. ఇప్పుడంటే అనండి."

అబూ జమీల్ నన్ను చూశాడు. తరవాత వజీహ్‌ని చూద్దామని తల తిప్పి, చూడలేక, కాఫీ కప్పులోకి చూశాడు. "ఇన్నేళ్ళు నా కొట్లో కూచుని..." అని ఆగిపోయాడు. "నేను ఈల వేస్తుంటే కాఫీ తాగావురా నువ్వు. నా చేత వేయించావు." లేచి, తన చేతికర్ర కూడా మరిచిపోయి, బయటికెళ్ళిపోయాడు.

రఫీఖ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అబూ నిజార్, సోమవారం నుంచి పిల్లలు నీవాళ్ళు" అన్నాడు. నా వైపు చూడకుండా, "అబూ ఖుదర్, నువ్వు కమిటీలో..." అన్నాడు.

"రాజీనామా రాసిచ్చేస్తాను" అన్నాను.

బయట సందులో వజీహ్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఉద్యోగం సంగతే మరిచిపోయినట్టున్నాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

"విన్నాను వజీహ్."

"ఒకటేనా, రెండా?"

"ఒకటే. పొడుగ్గా."

"పొడుగ్గా" అన్నాడు. "అవును, పొడుగ్గానే. చివర్లో కొంచెం వణికింది."

"అవును. వణికింది."

అలాగే కిందికి జారి మెట్టు మీద కూచుని, ముఖం చేతుల్లో పెట్టుకుని, పెద్దగా ఏడ్చాడు. దారిన పోయే ఇద్దరు ఆగి చూసి వెళ్ళిపోయారు. నేను పక్కన కూచోవాలో వద్దో తెలియక నిలబడే ఉన్నాను. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. ఇంటికి చేశాడు.

"నుహాద్, నాకు పిచ్చి లేదే. రాతిబ్ కూడా విన్నాడట. ఆ, ఇప్పుడే చెప్పాడు, అందరి ముందూ చెప్పాడు. ఉండు, వాడితోనే చెప్పిస్తాను." ఫోన్ నా చేతిలో పెట్టాడు. పిల్లవాడిలా ముఖం వెలిగిపోతోంది. "చెప్పరా, చెప్పు. దానికి చెప్పు."

ఫోన్ చెవిన పెట్టుకున్నాను. "ఉమ్ నిజార్, నేను. అవును, నేను కూడా విన్నాను. ఆ రోజే విన్నాను."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వచ్చింది.

"చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నువ్వే కదూ?" అంది నుహాద్.

"నేనే."

"ఆదివారం రాకు అబూ ఖుదర్. ఆ తరవాత ఆదివారం కూడా రాకు. నేను బతికుండగా మా గడప తొక్కకు." గొంతు పెంచలేదు. పెట్టేసింది.

వజీహ్ నా ముఖంలోకి చూస్తున్నాడు. "ఏమంది? ఏడ్చిందా? సంతోషపడిందా?"

సంతోషపడిందని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. అతను నమ్ముతాడని కూడా తెలుసు. ఈసారి విన్నది విన్నట్టు, ఒక్క మాట పోకుండా చెప్పాను.

వజీహ్ నవ్వు ఆగిపోయింది. ఫోన్ తీసుకుని, కొత్త చొక్కా జేబులో పెట్టుకుని, లేచాడు.

"ఆవిడ మాట నేను కాదనలేను రాతిబ్" అన్నాడు. రేవు వెనక స్థలం వైపు నడిచాడు. పిల్లలు అప్పటికే వచ్చి ఉంటారు. కాఫీ కొట్టు ముందు నుంచే వెళ్ళాలి అటు. ఎవరూ ఈల వేయలేదు. ఆదివారాలు ఇప్పుడు ఇంట్లోనే తింటున్నాను.